కోటు కొలత

ఆ ఆదివారం మా ఇంట్లో ఆరుగురం ఉన్నాం. నాన్న, అమ్మ, అన్నయ్య, వదిన, నేను, ముందురోజు సాయంత్రం సంచితో దిగిన పిన్ని. మా ఇంటి ముందు గదే కుట్టుకొట్టు. వెనక రెండు గదులూ వంటిల్లూ మావి. కొట్టుకీ ఇంటికీ మధ్య చిన్న గది ఒకటుంది, గుడ్డ కత్తిరించే బల్ల అందులోనే ఉంటుంది. ఆదివారం కొట్టు షట్టరు సగం దించి ఉంచుతాం. తెలిసినవాళ్ళు వంగి లోపలికి వస్తారు. ఆ రోజు మాత్రం నాన్న దాన్ని నేలదాకా లాగేశాడు. వదినకి ఏ ఆసుపత్రిలో కరెంటు పెట్టించాలో తేల్చుకోవాలి, మధ్యలో ఎవడో ప్యాంటు పొడవు తగ్గించమని వస్తే కుదరదు అన్నాడు.

కరెంటు అంటే రేడియేషన్. మా ఇంట్లో ఎవరికీ ఆ మాట నోరు తిరగదు, కరెంటనే అంటారు. పిన్ని మొదటిసారి విన్నప్పుడు తీగలు గుచ్చుతారేమో అని హడలిపోయింది.

వదినకి గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్. ఇందులో దాపరికం ఏమీ లేదు. ముక్క తీసి పరీక్షకి పంపిన రిపోర్టు తనే వెళ్ళి తెచ్చుకుంది. చేతిసంచి గోడకి తగిలించి, "క్యాన్సరేనట అత్తయ్యా. ఆపరేషన్‌తో పోయే దశ దాటిందట, కరెంటు పెట్టాలట" అంది. అమ్మ కూలబడిపోతే మంచినీళ్ళు ఇచ్చింది కూడా తనే. తర్వాత మిషన్ ముందు కూర్చుని, "స్కూలు చొక్కాలకి కాజాలు అయ్యాయా, గుండీ?" అని నన్ను అడిగింది. గుండీ అంటే నేనే. చిన్నప్పుడు ఒక గుండీ మింగేశానని అన్నయ్య పెట్టిన పేరు.

గురువారం డాక్టరు దగ్గరికి అన్నయ్యా వదినలతో నేనూ వెళ్ళాను. వదిన లోపలికి వెళ్ళినప్పుడల్లా సంచీ చెప్పులూ చూసుకోవడం నా పని. వదినని స్కానింగ్‌కి తీసుకెళ్ళారు. మూత్రసంచి నిండా ఉండాలని సీసాడు నీళ్ళు తాగించి కూర్చోబెట్టారు. ఆ లోపల డాక్టరమ్మ అన్నయ్యని పిలిచింది. బయట ఒక్కదాన్నే ఉండలేక అన్నయ్య వెనకాలే నేనూ వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను.

డాక్టరమ్మ ఒక కాగితం తిప్పి దాని వెనక బొమ్మ గీసింది. తలకిందులుగా పెట్టిన చిన్న సంచిలా ఉంది. కింద మూతి దగ్గర పెన్నుతో నల్లగా రుద్దింది.

"బయటి నుంచి ఇచ్చేది రెండు రకాలు" అంది. "మీకు దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో పాత పద్ధతి. ముందు, వెనక, రెండు పక్కలు, నాలుగు వైపుల నుంచి కిరణాలు వేస్తారు. నాలుగూ కలిసేచోట పెట్టెలాగా పడుతుంది. పేగులూ మూత్రసంచీ కూడా కొంత ఆ పెట్టెలోకి వస్తాయి. పెద్దాసుపత్రిలో కొత్త మిషన్ ఉంది. అది చుట్టూ తిరుగుతూ లోపలి ఆకారాన్ని బట్టి వేస్తుంది. పేగులకి తక్కువ తగులుతుంది కాబట్టి విరేచనాల బాధ తగ్గుతుంది. కాకపోతే అక్కడ వరుస పెద్దది. నెల దాటిపోవచ్చు."

"రోగం తగ్గడంలో ఏది మంచిది మేడమ్?"

"అందులో పెద్ద తేడా లేదు. ఆలస్యం చేస్తేనే తేడా వస్తుంది. ఆవిడ విషయంలో నేనైతే ఆగమని చెప్పను. చివర్లో లోపల గొట్టంలాంటిది పెట్టి దాని ద్వారా ఇచ్చేది ఒకటుంది. అది రెండుచోట్లా తప్పదు. అది మానేస్తే చేసిందంతా సగం పనే."

అన్నయ్య తలూపాడు. డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది.

"పిల్లలున్నారా?"

"ఇంకా లేరు మేడమ్."

ఆవిడ పెన్ను మళ్ళీ తీసి, ఆ సంచి బొమ్మ చుట్టూ, మొత్తం లోపలికి వచ్చేలా ఒక గీత గీసింది. "ఏ పద్ధతి అయినా గర్భసంచి అంతా ఈ గీత లోపలే ఉంటుంది. మూతి ఒక్కదానికే ఇస్తే సరిపోదు. తర్వాత పిల్లలు పుట్టరు. నెలసరి కూడా ఆగిపోతుంది."

గోడ మీద దంతాలు ఎలా తోముకోవాలో చూపించే బొమ్మ ఉంది. ఎందుకో దాన్నే చూస్తూ ఉండిపోయాను. నవ్వుతున్న పన్ను, చేతిలో బ్రష్షు.

"కొత్త మిషన్‌లో కూడానా మేడమ్?" అని అన్నయ్య అడిగాడు. ఆ గొంతు అన్నయ్యది కాదనిపించింది.

"కూడా. ఆవిడకి నేను చెప్పనా, మీరు చెప్తారా? తెలియకుండా మాత్రం సంతకం పెట్టించుకోను."

"నేనే చెప్తాను. ఇంటికెళ్ళాక."

అప్పుడే వదిన స్కానింగ్ నుంచి బయటికి వచ్చింది. "ఇంకొక్క గ్లాసు తాగమని ఉంటే ఆ గదిలో పడవ వేసుకోవాల్సి వచ్చేది" అని నవ్వుతూ చెప్పులు తొడుక్కుంది. బస్సులో కూర్చున్నాక అన్నయ్యని అడిగింది, ఏం చెప్పిందని. అన్నయ్య కిటికీలోంచి చూస్తూ, మా కొట్టు భాషలో చెప్పాడు. పాత మిషన్ దిండు గలీబు లాంటిది, నాలుగు వైపులా సూటిగా కత్తిరిస్తుంది, లోపల ఖాళీ చోటు కూడా పడుతుంది. కొత్త మిషన్ కోటు లాంటిది, ఒంటి వంపుని బట్టి పోతుంది, అక్కర్లేని చోట తాకదు. వదిన శ్రద్ధగా విన్నది. ముందు సీట్లో కూర్చున్న నేను, మిగతాది ఇంట్లో చెప్తాడు, బస్సులో చెప్పే మాటా అది అనుకున్నాను.

మర్నాడు పొద్దున వదిన కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చెప్పేశాడనుకున్నాను. ఇక నేను ఎవరినీ ఏమీ అడగలేదు.

అందుకే ఆదివారం కొట్టులో వాళ్ళ మాటలు వింటూ ఉంటే నాకు వదిన సంగతే అంతుపట్టలేదు.

నాన్న కొత్త గలీబు ఒకటి పిన్ని ముందు పరిచాడు. పక్కన హ్యాంగరుకున్న కోటు చూపించాడు. "చూడు మరదలా. ఇది దగ్గర్లో పెట్టే కరెంటు. అది దూరంలో పెట్టేది."

"బావా, మీకు దేవుడు ఎదురుపడినా ముందు నడుము కొలత తీసుకుంటారు" అంది పిన్ని. "కొత్తది ఉండగా పాతది ఎందుకంట? ఫోను కొనేటప్పుడు పాతది కావాలంటామా?"

"ఫోను కాదు పిన్నీ" అన్నాడు అన్నయ్య. "డాక్టరు గట్టిగా చెప్పింది. రెండింటికీ తగ్గేది ఒకలాగే తగ్గుతుంది. దగ్గర్లో అయితే రేపే మొదలుపెట్టే ఏర్పాట్లు చేస్తారు. అక్కడ నెల ఆగాలి. ఆ నెలలో అది కూర్చుని మనకోసం ఎదురుచూడదుగా."

"మరి ఆ పిల్ల ఏమంటుంది?"

ఆ పిల్ల గుమ్మంలోనే ఉంది. చేతిలో టీ గ్లాసుల పళ్ళెం. "నేను ఆగుతాను చిన్నత్తయ్యా" అంది.

"ఏమే, కరెంటు మిషన్‌లో కూడా షోకేనా నీకు?"

"ఒంటి మీద కుట్టించుకునేదానికే మంచి దర్జీని వెతుకుతాం. లోపలికి అక్కర్లేదా?" అని వదిన గ్లాసులు అందించింది. నాన్న పక్కకి తిరిగి దగ్గాడు. నవ్వు ఆపుకున్నాడో ఇంకేదైనా ఆపుకున్నాడో నాకు తెలియలేదు.

అన్నయ్య గ్లాసు తీసుకోలేదు. "ఆగితే పెరుగుతుంది. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? విరేచనాలు కాస్త తక్కువ అవుతాయని ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

"తెచ్చుకుంటే నా ప్రాణం మీదికేగా."

"నోరు మూసుకో!"

అన్నయ్య వదినని అలా అనడం నేను ఎప్పుడూ వినలేదు. పిన్ని కూడా గ్లాసు పెదాల దాకా తీసుకెళ్ళి ఆపేసింది. వదిన మాత్రం పళ్ళెం బల్ల మీద పెట్టి, "కోటు కొలతే పెట్టించుకుంటాను. మీరు తీసుకెళ్ళకపోతే బస్సెక్కి నేనే పోతాను" అని మధ్య గదిలోకి వెళ్ళిపోయింది. అన్నయ్యకి కోపం వస్తే పని ముందేసుకుంటాడు. హ్యాంగరు మీది కోటు లాగి, దాని చెయ్యి కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

అమ్మ నన్ను వంటింటి వైపు లాగింది. "గుండీ, నువ్వెళ్ళి చెప్పవే. నీ మాట వింటుంది."

"దీని మాటా?" అంది పిన్ని వెనక నుంచి. "ఇది మాట్లాడితేగా ఎవరైనా వినడానికి!"

నేను వెళ్ళాను. వదిన బల్ల ముందు నిలబడి ఉంది. కోట్ల లోపల వేసే నల్ల గుడ్డ బల్ల మీద పరిచి ఉంది. దాని మీద అరచేత్తో ముడతలు సరిచేస్తోంది. ముడతలేమీ లేవు.

"నిన్ను పంపారా రాయబారానికి?" అంది తిరక్కుండానే.

నేను తలూపాను. తను చూడలేదు కదా అని గుర్తొచ్చి, "ఊఁ" అన్నాను.

"చెప్పు మరి."

చెప్పడానికి నా దగ్గర ఏముంది! డాక్టరమ్మ మాటలే ఉన్నాయి. "ఆగితే మంచిది కాదంది వదినా" అన్నాను. "నువ్వు ఎందుకు ఆగుతానంటున్నావో నాకు అర్థం కావట్లేదు."

వదిన నా వైపు తిరిగింది. గుమ్మం వైపు ఒకసారి చూసింది. తర్వాత డబ్బాలోంచి సుద్ద తీసింది. తెల్లగా, అంచులు అరిగి, సబ్బు బిళ్ళలా ఉంది. "ఇటు రా. నీకు ఒక్కదానికే చూపిస్తాను. మీ అన్నయ్యకి చెప్తే నోటితో అనకూడదు, దిష్టి తగులుతుంది అంటాడు."

నల్ల గుడ్డ మీద ఒక్క చేత్తో గీసింది. తలకిందులుగా పెట్టిన చిన్న సంచి. డాక్టరమ్మ కంటే నున్నగా వచ్చింది. వదిన చెయ్యి అలాంటిది, చొక్కా కాలరు వంపు కూడా అచ్చు లేకుండా గీస్తుంది. కింద మూతి దగ్గర సుద్దతో రుద్దింది.

"ఇది రోగం. దగ్గర్లో అయితే ఇలా" అని సంచి బయట గాలిలోనే వేలితో నలుచదరం తిప్పింది. "దిండు గలీబు. మూతీ, సంచీ, పేగులూ అన్నీ లోపలే. దాంతో నాకేం మిగులుతుంది? కొత్తదైతే ఒంపు బట్టి పోతుంది, అక్కర్లేనిచోట తాకదు. మీ అన్నయ్యే చెప్పాడు బస్సులో. అంటే ఇలా." మూతి దగ్గర రుద్దిన మచ్చ చుట్టూ, దానికి మాత్రమే, సన్నటి గీత గీసింది. "రోగానికే. పై సంచి జోలికి పోదు. ఆ గొట్టం పెట్టేది కూడా మూతి దగ్గరేనటగా. ఒక నెల ఆగితే ఏమవుతుంది గుండీ? తగ్గాక ఒక ఏడాది చూసుకుని, అప్పుడు..."

మాట అక్కడ ఆపింది. పెదవి కొరుక్కుని నవ్వింది. నన్ను చూసి సిగ్గుపడింది. వదిన నన్ను చూసి సిగ్గుపడటం!

అన్నయ్య చెప్పలేదు. మూడు రోజులుగా పక్క పక్క మిషన్ల మీద కూర్చుని, కత్తెర ఇవ్వు, దారం అందుకో అనుకుంటూ, చెప్పలేదు. తను చెప్పిన కోటు ఈమె బుర్రలో ఎలా కుట్టుకుందో చూడనైనా లేదు. కోటు కుట్టేవాడు చెప్పిన మాటని కోటు కుట్టేదే నమ్మింది, అందులో తప్పేముంది? ఇంకెవరైనా అయితే ఏ మిషనో ఏమిటో మాకు తెలియదు అని డాక్టరునే మళ్ళీ అడిగేవాళ్ళు. ఈమెకి అన్నీ తెలిసిపోయినట్టే అనిపించింది, తన పనే కాబట్టి.

"ఏమిటే అలా చూస్తావ్?" అంది.

నేను తలుపు వైపు చూశాను. అన్నయ్యని పిలవాలి. పిలిస్తే మాత్రం చెప్తాడా? మళ్ళీ కేకలేస్తాడు, ఈమె మళ్ళీ బస్సెక్కుతానంటుంది. ఈ లోపల నెల గడుస్తుంది.

"డాక్టరమ్మ గీసిన గీత అది కాదు వదినా" అన్నాను.

"ఏ గీత?"

సుద్ద కోసం చెయ్యి చాచాను. ఇచ్చింది. నా గీత వంకరపోయింది. కానీ పోవాల్సిన చోటికే పోయింది. మూతి చుట్టూ తిప్పి, పక్కల మీదుగా పైకి తీసుకెళ్ళి, సంచి పైభాగం మీదుగా దింపి, మళ్ళీ మూతి దగ్గర కలిపాను.

వదిన నవ్వింది. "జేబు కత్తిరించమంటే చొక్కా అంతా కత్తిరించే రకానివి నువ్వు. అంతా లోపల పెట్టేశావ్."

"ఆవిడ కూడా అంతా లోపలే పెట్టింది. నేను చూశాను."

"దగ్గరి ఆసుపత్రిదా అది?"

"రెండూ. ఏ పద్ధతి అయినా అంతే అంది. మూతికి ఒక్కదానికే ఇస్తే సరిపోదంది. గొట్టం కూడా సంచి లోపలికే పోతుంది."

వదిన నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు. బల్ల అంచుని పట్టుకుంది.

"అయితే తగ్గాక?"

నేను తల అడ్డంగా ఊపాను. అది చాలదేమో అని భయం వేసి, "పుట్టరంది" అన్నాను. నెలసరి మాట చెప్పలేకపోయాను.

తను ఆ రెండు గీతల మధ్య నల్ల గుడ్డ మీద వేలు పెట్టి, చిన్న గీత దగ్గర నుంచి పెద్ద గీత దాకా జరిపింది. ఎంత తేడా ఉందో కొలుస్తున్నట్టు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"ఎవరెవరున్నారు ఆ గదిలో?"

"అన్నయ్య. నేను."

"నువ్వు కూడానా" అంది మెల్లగా. "అత్తయ్యకి?"

"తెలీదు వదినా, నాకు తెలీదు. నీకు చెప్పేశాడనుకున్నాను, ఒట్టు. శుక్రవారం నీ కళ్ళు చూసి..."

"రక్తం ఆగక నిద్ర లేదు ఆ రాత్రి." మళ్ళీ గీతల వైపు చూసింది. "అయితే ఆ రెండింటికీ తేడా ఏమిటి? అసలు తేడా?"

"పేగులకి కాస్త తక్కువ తగులుతుంది. విరేచనాలు తక్కువ. తగ్గడం మాత్రం రెండింటికీ ఒకలాగే."

"విరేచనాలు." వదిన ఆ మాట ఎవరో కొత్తగా నేర్పినట్టు పలికింది. "నేను ప్రాణం పోయినా ఫరవాలేదని ఇందాక పోట్లాడింది విరేచనాల కోసమా? మావయ్య ముందు, చిన్నత్తయ్య ముందు? ఆయనకి తెలిసీ నన్ను పోట్లాడనిచ్చారా?"

అన్నయ్య అరుపు ఇప్పుడు నాకు వేరేలా వినిపించింది. అన్నయ్య అంత గట్టిగా అరిచింది తన మీదే అనుకుంటాను. కానీ ఆ మాట వదినకి చెప్పి ఏం లాభం?

"ఏమండీ!" అని వదిన పిలిచింది. గట్టిగా కాదు. దారం అయిపోయిందని పిలిచినట్టే పిలిచింది.

అన్నయ్య వచ్చాడు. పెదాల మధ్య వరసగా గుండుసూదులు, చేతిలో కోటు చెయ్యి. కోపం ఇంకా పోలేదు. ఏమిటన్నట్టు తల ఎగరేశాడు. తర్వాత బల్ల వైపు చూశాడు. సుద్ద సంచిని, చిన్న గీతని, నా వంకర గీతని చూశాడు. కోటు చెయ్యి కింద పడింది.

"ముందు ఆ సూదులు తీయండి నోట్లోంచి" అంది వదిన. "మింగుతారు."

అన్నయ్య ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు. "గుండీ, నువ్వు..."

"దాన్నేమీ అనకండి." వదిన గొంతులో ఏ జీరా లేదు. "రేపు దగ్గరి ఆసుపత్రికే పోదాం. పొద్దున్నే. ఆ సంగతి అయిపోయింది, ఇంక దాని గురించి ఎవరూ మాట్లాడక్కర్లేదు. నేను అడిగేది వేరే."

అమ్మ తడిచేతులతో గుమ్మం దాకా వచ్చింది. "ఒప్పుకుందా?" అంటూ వచ్చి, బల్ల మీద గుడ్డ చూసి, చప్పున కళ్ళు దించేసుకుంది. ఏమిటా బొమ్మ అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. అమ్మకి తెలుసు, అన్నయ్య చెప్పే ఉంటాడు. ఆ ఇంట్లో తెలియనిది ఒక్కరికే, ఎవరి లోపలి బొమ్మో ఆ ఒక్కరికే. వదిన కూడా అమ్మ ముఖం చూసింది. అమ్మ ఏదో అనబోయి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను కదల్లేదు. ఎవరి పక్కన నిలబడాలో తెలియలేదు. అన్నయ్య గోడకి ఆనుకుని, సూదులున్న చేతిని పిడికిలి బిగించేశాడు. గుచ్చుకోవట్లేదా అనుకున్నాను. వదినతో ఒక్క మాట అనాలని ఉంది. "వదినా" అన్నాను.

వదిన నా దగ్గరికి వచ్చింది. నా భుజం మీద చెయ్యి వేస్తుందనుకున్నాను. నా చేతిలో ఇంకా పట్టుకుని ఉన్న సుద్ద తీసుకుంది. భుజం పట్టి గుమ్మం అవతలికి జరిపింది. కొట్టినట్టూ కాదు, బుజ్జగించినట్టూ కాదు. దారికి అడ్డంగా ఉన్న కుర్చీని జరిపినట్టు.

ఆ గది తలుపు మేం ఎప్పుడూ వేయం. గుడ్డ తాను పొడవుగా పరిస్తే గుమ్మం దాటి వస్తుందని, తలుపుకి పాత ఇస్త్రీపెట్టె అడ్డం పెట్టి ఉంటుంది. చాలా బరువు. వదిన వంగి, రెండు చేతులతో దాన్ని పక్కకి లాగింది. నేను సాయం పట్టబోయాను. తల అడ్డంగా ఊపింది. అన్నయ్య లోపల గోడ దగ్గరే ఉన్నాడు. వదిన నిటారుగా నిలబడి, ఒకసారి నా వైపు చూసి, తలుపు వేసింది.